సున్నా కొస

డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర, మందుల షాపు పైన
ఒకటే గది మా ఆఫీసు.
కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ
ఫ్యాను కంటే ముందు నేను ఉలిక్కిపడతాను:
పదకొండూ నలభై ఇంకా పదకొండూ నలభైగానే ఉందా?

పోయిన ఆషాఢంలో లేదు.
కళింగపట్నం దారిలో తుఫాను షెల్టరు, తూర్పు గోడ.
తెర మీద నక్షాని పక్కకి జరపబోయి
గీత కొస పట్టుకు లాగేశాను కాబోలు.
టీ గ్లాసుకి చెయ్యి చాచానో, దోమని కొట్టానో,
నాకే తెలియని క్షణం అది.
నాలుగు మీటర్ల పైచిలుకు గోడ
దుమ్ము లేకుండా కూలిపోయింది.
కింద మొత్తం తనంతట తనే సర్దుకుని
బుద్ధిమంతుడిలా కూర్చుంది.

మూడు వారాలకి ఫోను. అసిరినాయుడు మేస్త్రి.
“గోడింకా ఉందమ్మా. ఇటికలే నేవు.”
అంతే. తిట్టలేదు.
తిడితే బాగుండేది.
వెనకాల సముద్రం,
పరంజా మీద ఎవరిదో దగ్గు.

మా మావయ్య ఇరిగేషన్లో వర్క్ ఇన్‌స్పెక్టరు.
ఆయన ఎం-బుక్కు దగ్గరికి రబ్బరు రానిచ్చేవాడు కాదు.
తప్పు అంకెని ఒక్క గీతతో కొట్టి,
కొట్టిందీ కనపడేలా కొట్టి,
పక్కన పొట్టి సంతకం, తారీకు.
“సెరిపేత్తే ఎవుడు సేసినాడో తెల్దు కదేటే!”

నాకిప్పుడు వచ్చింది ఆ విద్య.
కొలత అయిపోగానే ఒక నొక్కు, తాళం.
నీలం గీత బూడిద రంగుకి తిరుగుతుంది.
మౌసు తగిలినా, మోచెయ్యి తగిలినా
ఉలకదు, పలకదు.

కార్తీకంలో మేస్త్రి మళ్ళీ చేశాడు.
తలుపు సముద్రం వైపొద్దంట, ఊరి వైపు తిప్పమంటున్నారంట.
వాళ్ళకి తెలియదా గాలి ఎటునుంచి వస్తుందో.
జల్లులోనే వెళ్ళి కొలిచాం.
టేపు ఈ కొస చదివింది నేను.
ఆ కొస సున్నాని గోడకి అదిమి పట్టింది తవిటమ్మ,
గోరు నల్లబడ్డ బొటనవేలితో.
“అయిందేటి పాపా?” అని గాలికి ఎదురు అరుస్తుంది,
నేను రాసుకునేదాకా వదలదు.

ఆఫీసుకొచ్చి గీత మీద చెయ్యి పెడితే
తాళం నన్నే అడిగింది: నిజంగా తీస్తారా?
నా గీతే. నా తాళమే.
అయినా పరాయి ఇంటి గొళ్ళెం ముందు నిలబడ్డట్టు
కాసేపు ఆగాను.

తీశాను. మార్చాను. పాత అంకెని పక్కన ఉంచాను.
పొడవు, వెడల్పు, ఎత్తు,
చివర రిమార్కులు, ఎప్పుడూ ఖాళీగా ఉండే గడి.
అందులో టైపు చేశాను:
సున్నా పట్టినది తవిటమ్మ, వానలో.
మళ్ళీ తాళం.

మా ప్రొప్రయిటరు కళ్ళజోడు ఎత్తి చదివాడు.
“ఇదేటిది?” అన్నాడు.
చెరపబోయాడు.
రాలేదు.