ఒకే అబద్ధం

ఉలాన్‌బాతర్‌లో మైనస్ ముప్పై రెండు.
డాబా మీద యాంటెన్నా నెత్తిన పేరుకున్న మంచును
గడ్డి చీపురుతో దులుపుతాను.
ఊరంతా బొగ్గుపొగ. కిందికి దిగేసరికి
ఉప్పేసిన పాల టీ మీద తొరక కట్టింది.

ఆల్టాయ్ కొండలకి అవతల, ఆల్మాటీలో,
కార్లిగాష్ ఇంకా చీకట్లోనే ఉంటుంది.
మాకు ఎనిమిదైతే వాళ్లకి ఐదు.
ఆ మూడు గంటలు బస్సు కండక్టరుకైనా తెలుసు.
మేమిద్దరం వెతికేది వేరు:
రెప్పపాటును ముప్పై కోట్ల ముక్కలు చేస్తే
అందులో ఒక ముక్క, మహా అయితే రెండు.

ఇద్దరం ఒకే ఉపగ్రహాన్ని చూస్తాం,
అవే పదమూడు నిమిషాలు.
దాని గడియారం కాస్త తప్పు చెబుతుంది.
చెప్పనీ.
ఇద్దరికీ ఒకే అబద్ధం చెబితే చాలు,
నా అంకెలోంచి ఆమె అంకె తీసేస్తే
అబద్ధం తనంతట తానే రాలిపోతుంది.
సాక్షి నిజాయితీతో పనిలేని పంచాయితీ
నాకు తెలిసి ఇదొక్కటే.

నవంబరులో మాత్రం మాటలు ముదిరాయి.
ఎక్కడినుంచో ఐదు నానోసెకన్లు ఊడిపడ్డాయి.
"మీ సీజియం ముసలిదైంది" అని ఆమె రాసింది.
"ముందు మీ డాబా చూసుకో" అని నేను.
వారం తర్వాత తేలింది:
ఎలుక కొరికిన కేబుల్ తీసేసి
ఓరల్‌బేక్ అనే ఎలక్ట్రీషియన్ కొత్తది వేశాడు.
మీటరు ఎక్కువైంది. కోయడానికి చెయ్యి రాక
చుట్ట చుట్టి మేకుకి తగిలించాడు.
ఆ చుట్ట తిరిగి రావడానికి సంకేతానికి పట్టిన కాలం,
అంతే, మా వారం రోజుల తగాదా.

ఆమె క్షమాపణ రాయలేదు. చుట్ట ఫొటో పంపింది.
ఫొటో మూలన బొటనవేలు, చలికి పగిలి.
పదకొండేళ్లలో నేను చూసిన కార్లిగాష్ అంతే.

గడియారాలను మేం తాకం.
దాన్ని దీనివైపు తిప్పం, దీన్ని దానివైపు జరపం.
ఎంత తేడానో రాసుకుంటాం.
ఆ రాతను పట్టుకునే రెండూ ఒకే వేళ చెబుతాయి.

వాళ్ల భాషలో ఆమె పేరుకి వానకోవెల అని అర్థమట.
నిఘంటువులో చూశాను, ఆమెకి చెప్పలేదు.

రేపు ఉపగ్రహం నాలుగు నిమిషాలు ముందొస్తుంది,
ఎల్లుండి ఇంకో నాలుగు.
రాత్రికి మళ్లీ కురిసేలా ఉంది.
చీపురు తలుపు దగ్గరే పెట్టాను.