ఇరవైమూడో నంబరు

సోమవారం. పున్నమి ఘాట్ మీద జనం లేరు.
నిన్న తడిసిన లైఫ్ జాకెట్లన్నీ
రెయిలింగు పొడుగునా ఆరేస్తున్నాను,
తలల్లేని, చేతుల్లేని నారింజ రంగు మొండేలు.

వాసన పట్టి చెప్పగలను ఎవరు తొడిగారో:
వాడిన మల్లెలు, జండూబామ్, బజ్జీల నూనె,
చంటిది కక్కిన పాలు.
సైజు అక్షరాలు ఎండకి ఎప్పుడో వెలిసిపోయాయి,
మనిషిని చూసి కొలత చెబుతాను.
పదిహేడో నంబరుకి బకిల్ పట్టదు.
దాన్ని నేనే వేసుకుంటాను, నాకు ఈత వచ్చుగా.

యేసోబుకి నిన్న ఇరవైమూడు ఇచ్చాను.
గుంటూరు మిర్చి యార్డులో హమాలీ అట,
భార్య మార్తమ్మతో భవానీ ద్వీపం చూడ్డానికొచ్చాడు.
పక్క పట్టీ బిగిస్తుంటే తల తిప్పి
"ఇన్నాళ్ళూ వీపెక్కిందాన్నల్లా నేనే మోశా,
ఇది నన్ను మోసిద్దా?" అన్నాడు.
మోసిద్దన్నాను.
"మునిగితేగా తెలిసేది" అని నవ్వింది మార్తమ్మ.

లాంచీ కదిలింది. అందరూ ఫోన్లెత్తి
దుర్గమ్మ కొండనీ, బ్యారేజీ గేట్లనీ పట్టుకుంటుంటే
అతను అంచున కూర్చుని
రెండు భుజాలూ కిందికి వదిలేశాడు.
అంతే. అరగంట అలాగే.

ఒడ్డుకొచ్చాక అందరివీ విప్పించాను.
"ఇంకో నిమిషం ఉండనీ తమ్ముడూ" అన్నాడు.
క్యూలో తర్వాతివాళ్ళు విసుక్కున్నారు.
నేను టోకెన్లు లెక్కపెడుతున్నట్టు నటించాను.

ఇవాళ ఇరవైమూడు దులిపితే
రెండు మిరప గింజలు రాలాయి.
గట్టిగా తుమ్మాను.
చివరి మెట్టు మీద రెక్కలు ఆరేసుకుంటున్న నీటికాకి
ఆరకుండానే లేచిపోయింది.