నడక పరీక్ష

ఆచారి వీధిలో శెట్టిగారి నగల కొట్టు.
రోహిణి కార్తె, మధ్యాహ్నం రెండు.
నిచ్చెన మీద నేను, నోట్లో రెండు స్క్రూలు.
కింద నిచ్చెన పట్టుకుని పెంచలమ్మ,
పద్దెనిమిదేళ్లుగా ఆ కొట్టు ఊడుస్తున్న మనిషి.
ఊడ్చిన దుమ్ము కూడా శెట్టిగారికి అప్పజెప్పి పోవాలి,
అందులో బంగారం పొడి ఉంటుందని.

"ఏంది అబ్బయ్యా ఇది, ఎట్టా పట్టుద్ది దొంగని?"

స్క్రూలు అరచేతిలోకి ఉమ్మి చెప్పాను.
తలుపు రెక్కకి ఒక అయస్కాంతం ముక్క,
ద్వారబంధానికి దాని జోడు,
గాజు గొట్టంలో వెంట్రుకంత ఇనప రేకులు.
రెండూ ఆనుకుని ఉన్నంతసేపూ తీగలో కరెంటు
చీమల బారులా పోతూనే ఉంటుంది,
పోయి పెట్టెకి చెబుతూనే ఉంటుంది
ఏమీ లేదు, ఏమీ లేదు, ఏమీ లేదు.
తలుపు జానెడు తెరుచుకుంటే బారు తెగుతుంది.
తీగ కోసినా తెగుతుంది.
పెట్టెకి దొంగ ఎవరో తెలియదు పెంచలమ్మా,
చెప్పే మాట ఆగిపోయిందని మాత్రం తెలుస్తుంది.

"లారీ మీద పోయినప్పుడు మా ఆయన ఫోను మాదిరి," అంది.
"రోజూ చేస్తాడు, ఏం చెప్పడు.
చెయ్యని రోజే నాకు నిద్ర పట్టదు."

ఆ మూల తెల్ల డబ్బా కన్ను కాదు.
దానికి ముఖాలు కనపడవు, నగలు కనపడవు.
కదిలే వేడి ఒక్కటే కనపడుతుంది.
మనిషి పోతుంటే వేడి ఈ గడిలోంచి ఆ గడిలోకి దూకుతుంది,
దూకినప్పుడల్లా ఎర్ర దీపం మిణుకుమంటుంది.

"నడువు పెంచలమ్మా, దొంగలాగా."
కొంగు నడుముకి దోపి, నవ్వి, నడిచింది,
గాజుబల్ల దాకా, బీరువా దాకా, లాకరు గది గడప దాకా.
దీపం వెలగలేదు.
మళ్ళీ నడిచింది. చీపురు ఊపింది.
దీపం వెలగలేదు.

"నేను లేనట్టేనా అబ్బయ్యా?"

అప్పుడు గుర్తొచ్చింది, ట్రైనింగులో ఎవరూ గట్టిగా చెప్పని సంగతి.
నెల్లూరు ఎండలో గోడా మనిషీ ఒకటే వేడి.
గోడ ముందు ఇంకో గోడ నడిస్తే డబ్బాకి ఏం తెలుస్తుంది?
ఏసీ వేస్తే తేడా వస్తుంది సార్, అన్నాను.
బేరాల్లేని పూట ఏసీ ఎందుకన్నారు శెట్టిగారు
విసనకర్ర ఆపకుండానే.

పెంచలమ్మ వెనక వసారాలోకి పోయింది.
తుడిచే బకెట్టులో కాదు,
తాగే కుండలో చెంబు ముంచి
నెత్తిన గుమ్మరించుకుంది.
పైట కొస నుంచి నీళ్ళు కారుతుండగా
తానే తుడిచిన నేల మీద
తిన్నగా నడిచి వచ్చింది.
ఎర్రగా ఒకటి.
ఎర్రగా రెండు.
ప్రతి అడుక్కీ ఒక మిణుకు.
విసనకర్ర ఆగింది.

నాలుగంకెల గుట్టు శెట్టిగారే నొక్కారు,
మమ్మల్నిద్దర్నీ గోడవైపు తిరగమని.
తలుపు తీశాక ముప్పై సెకన్లు గడువు.
అంకెలు పడకపోతే పైన సైరను, జేబులో ఫోను.
ఇక రేపట్నుంచి పెంచలమ్మ ఆరింటికి వచ్చి
శెట్టిగారు వచ్చేదాకా మెట్ల మీద కూర్చోవాలి.
తాళంచెవి ఇన్నేళ్లూ ఆమె మొలలోనే ఉండేది.
తీసి బల్ల మీద పెట్టింది.
ఆ చప్పుడు డబ్బా వినలేదు,
వినడం దాని పని కాదు.

రాత్రి పదకొండున్నర, కోటమిట్ట.
మా ఇంటికి నేనింతవరకు ఏ తీగా వెయ్యలేదు.
షంషాద్ తలుపు వెనక స్టీలు గ్లాసు మీద గ్లాసు పేర్చి
పైన ఒక చెంచా పెట్టి పడుకుంటుంది.
నెట్టాను. అన్నీ పడ్డాయి.
"ఎవరది?"
"నేనే."
మా ఇంటి గుట్టు ఈ రెండక్షరాలే.

గ్లాసులు ఏరుతూ అనుకున్నాను,
పొద్దున ఆరింటికి ఆచారి వీధి మెట్లు చల్లగా ఉంటాయి.
ఆమె వేడి అప్పుడు బాగా కనపడుతుంది.
చూసే డబ్బా షట్టరు లోపల ఉంది.