గడులూ సున్నాలూ

పొద్దున ఏడింటికి ఆదోని యార్డులో
మా తమ్ముడు ఉసేనప్ప గొంతు
పత్తి బోరాల మీద నుంచి దూకేది.
"ఏడు వేల రెండొందలూ..."
కమీషన్ కొట్ల రేకులు అదిరేవి.

పన్నెండుకల్లా అంకెలు ముక్కులోకి జారేవి.
మూడింటికి ఎడమ రెప్ప
సగం దించిన అంగడి షట్టరు.
తాగొచ్చినాడన్నారు. హమాలీలు నవ్వినారు.
నేనూ ఒక మాపటేళ వాడి నోరు వాసన చూసినా.
వాడు నిద్దరపోతాండాడనుకున్నా.

కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
గ్లౌజులో ఐసు ముక్కలు కట్టి
రెప్ప మీద పెట్టింది. రెండు నిమిషాలు.
తీసేసరికి రెప్ప లేచింది,
పేరు పెట్టి పిలిస్తే లేచిన పిల్లోడి మాదిరి.
మేము నవ్వినాం. ఆమె నవ్వలేదు.
మయస్తీనియా అని రాసింది.

తిరుగు బస్సులో వాడికి నా తీరున చెప్పినా:
నరం పాట పాడుతానే ఉందిరా,
ఖరీదుదారు కండ. వాని చెవుల్లో
మన నెత్తురే దూది కుక్కుతాంది.
దూదేకులోళ్ళం కదా,
దూదితో చెప్తే తొందరగా ఎక్కుతాది.
వాడు కిటికీలోంచి చూస్తా
"ఎవురి దూది అక్కా?" అన్నాడు.

రెండోసారి పోయినప్పుడు
చీటీ వెనక గీతలు గీసింది డాక్టరమ్మ.
మగోళ్ళకు గడి, ఆడోళ్ళకు సున్నా.
"ఇంట్లో ఇంకెవరికన్నా ఉందా?"
లేదన్నా.
"ఇదే కానక్కర్లేదు. గొంతు కింద వాపు,
కీళ్ళు, తెల్లమచ్చలు..."

అవ్వ గొంతు గడ్డ. ఉబుకొచ్చిన ఆ కళ్ళు,
వాటికి జడిసే కదా మేం బువ్వ తినింది.
ఎమ్మిగనూరులో చిన్నత్త వంకర పోయిన వేళ్ళు.
ఇంక
పెద్దత్త పీరమ్మ.
ఏ పీర్ల కాడ ఏం తప్పు చేసిందో అని
ఇరవై ఏండ్లు ఏ పెండ్లికీ పిలవని పీరమ్మ.
ఆమె చెంబు వేరే. ఆమె గోడ వేరే.
ఆ పేరు చెప్పడానికి నాకు
ఒక గుటక పట్టింది.

డాక్టరమ్మ సున్నాలకు నలుపు పూసింది.
రోగం దిగిరాదంట, దానికి చోటిచ్చే గుణం దిగొస్తాదంట.
ఆరో క్రోమోజోము మీద, తనవాళ్ళెవురో పరాయెవురో
గుర్తుపట్టే రాత కొంచెం తేడాగా ఉంటాదంట.
అదే రాతతో వేలమంది
ఏమీ లేకుండా ముసలోళ్ళయి పోతారంట.
అచ్చుపోసిన కవలల్లో కూడా
ఒకరికొచ్చి ఇంకొకరికి రాకపోవచ్చంట.

"నాకూ ఉందా మా?" అనింది నా బిడ్డ రిజ్వానా,
ఇంటర్ పుస్తకంలో వేలు పెట్టుకోని.

మెట్ట సేన్లలో పెరిగినదాన్ని.
శెనక్కాయ విత్తి, మోడం కేసి చూసి చూసి,
మట్టిలోనే పప్పు మాడిపోయిన ఏండ్లు
వేళ్ళ మీద చెప్తా.
విత్తిందంతా మొలవదు అని
మా నాయన తలకాయ పట్టుకోని అనేవాడు.
ఆ మాటే బిడ్డకు ధైర్యంగా చెప్పే దినం
వస్తాదనుకోలే.
ఉంటే ఉండనీలే మా, వాన పడాల కదా అన్నా.
ఆ రాత్రి మొదటిసారి
ఒక సేనికి వాన వద్దని దువా చేసినా.

ఇప్పుడు వాడికి నాలుగు గంటలకొక మాత్ర.
పొద్దుటి లాట్లకే గొంతు.
మాపటికి ధర వేళ్ళతో చూపిస్తాడు,
రైతులు అలవాటు పడినారు.

చీటీ తీసుకోని పెద్దత్త గోడ కాడికి పోయినా.
కూర్చోమనలేదు. మర్చిపోయింటాది,
ఎవురొచ్చినారు గనక.
మచ్చల చేత్తో కాగితం తిప్పి తిప్పి చూసి
"ఈ నల్ల సున్నా నేనా?" అనింది.
అవునన్నా.
కొంచేపాగి, గీత వెంబడి గోరు కిందికి జరిపి
"ఈ గడి ఎవురిది?
వానికి చెంబు వేరే పెట్టినారా?"