కుడి అంచు

బతూమిలో వాన ఆగిన రోజును
పండగల లెక్కలో రాసుకుంటాం.
ఇవాళ ఆగలేదు.
కాగితాల పెట్టె మూత తియ్యాలంటే భయం,
తేమ తాగి కాగితం అప్పడంలా వంకర తిరుగుతుంది,
ప్రింటరు తల దాని వీపు గీరుకుంటూ పోతుంది.

పొద్దున్నే నాజిల్ పరీక్ష.
మెట్లు మెట్లుగా సన్నని గీతలు,
ముదురు గులాబీలో నాలుగు లేవు.
పళ్ళూడిన దువ్వెన.
కడిగాను. మళ్ళీ కడిగాను.
కడిగినప్పుడల్లా గుక్కెడు సిరా వృథా,
ఆ గుక్కెడుతో ఎన్ని సీసాల ద్రాక్షసారా వచ్చేదో
మా ఆవిడ నానులి దగ్గర లెక్కుంది.

ఇజోల్దా గారు పదకొండింటికి వచ్చారు.
గొడుగు గుమ్మంలో దులిపి
రొట్టె చుట్టుకునే గుడ్డలోంచి ఫోటో తీశారు.
నలుపూ తెలుపూ అనబోయి ఆగాను,
అది ఎప్పుడో టీ రంగుకు తిరిగింది.
చాక్వి తోట, ఎనభై మూడో సంవత్సరం.
పదకొండుమంది ఆడవాళ్ళు, నడుముకి బుట్టలు,
ఎండకు చికిలించిన కళ్ళు.
"గోడంత చెయ్యి" అన్నారు.

ముందు చిన్న ముక్కలు తీసి చూపించాను.
నూలు కాగితం నలుపును మింగేసింది,
తోటంతా పొగమంచులోకి జారుకుంది.
మెరుగు కాగితం మీద చెమట కూడా కనబడింది, కానీ
కాస్త పక్కకి తిప్పితే
నా ట్యూబ్‌లైటు వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చుంది.
జపాను నుంచి తెప్పించిన మల్బరీ కాగితం,
పీచు పీచుగా, వెలుతురును దాటనిచ్చేది,
దీపం ముందు పట్టుకుని చాలాసేపు చూశారు.
"ఇది పోయినవాళ్ళకి బావుంటుంది.
మేం నలుగురం ఇంకా ఉన్నాం."

కాన్వాస్ అయితే గుడ్డే కదా,
పడుగూ పేకా వేలికి తగులుతాయి.
గోటితో గీకి చూశారు.
ఆకు నింపిన గోనెసంచి ఇలాగే పలికేదట.

చిక్కు అక్కడ మొదలైంది.
చట్రం మందం నాలుగు సెంటీమీటర్లు,
ఆ మేరకు బొమ్మ పక్కలకి మడత పడాలి.
కుడి అంచున ఒక పిల్ల,
సగం పక్కకి తిరిగి, చేతిలో ఆకు కొసలు,
ఫోటో తీస్తున్నారని ఎవరూ చెప్పనట్టు.
మడిస్తే సరిగ్గా తనే పోతుంది.

ఉపాయాలు లేకపోలేదు.
అంచును అద్దంలో లాగా తిప్పి అతికించొచ్చు,
అప్పుడు ఆ పిల్లకి రెండు మొహాలొస్తాయి.
పక్కలకి ఒట్టి నలుపు పూయొచ్చు.
లేదా తోటను కాస్త సాగదీసి
లేని చోటు పుట్టించొచ్చు,
ఇరవై ఏళ్ళుగా అదే నా బతుకుతెరువు.

"ఎవరండీ ఈ పిల్ల?"
"ఆ రోజు నా తూకం తగ్గింది.
పక్కకి నిలబడమన్నారు."
ఏడుపేం లేదు గొంతులో.
పదిహేడు కిలోలు, అన్నారు,
రసీదు చదువుతున్నట్టు.

సాగదీద్దామని మౌస్ మీద చెయ్యి వేశాను.
ఆమె నా మణికట్టు పట్టుకున్నారు.
గట్టి వేళ్ళు.
"మడిచెయ్యి.
మా ఇంట్లో ఆ గోడ గుమ్మానికి పక్కగా ఉంటుంది.
వచ్చేవాళ్ళకి ముందు కనబడేది ఆ అంచే."

చీకటి పడేదాకా తల అటూ ఇటూ నడిచింది,
దాటుకు వెంట్రుకంత చొప్పున తోట దిగింది.
ముందు ఆకాశం, తలగుడ్డలు, కళ్ళు,
ఆఖరికి బురద బూట్లు.
ఒక రోజంతా ఆరాలి, ఆ తర్వాతే వార్నిష్.
తాకొద్దని చీటీ పెట్టాను,
దుకాణంలో నేను తప్ప ఎవరూ లేరు.

నానులి భోజనానికి రెండుసార్లు ఫోన్ చేసింది.
బల్ల కుడివైపుకి వెళ్ళి
ఎవరింటికో వచ్చినవాడిలా కాసేపు నిలబడ్డాను.
బయట వాన.
ఆ పిల్ల చేతిలో ఆకు
ఇంకా తడిగానే ఉంది.