పి.డబ్ల్యు. టూ

కేసు పేరులో సర్కారుంది, వాడున్నాడు.
నేను లేను.
పగిలిన తల మాత్రం నాదే.

పదకొండు వాయిదాలకీ
సంగడిగుంట నించి నడిచే వచ్చా.
పోయిన మిర్చియార్డు కూలి
ఏ కాగితంలోనూ లేదు.

ఎఫ్ఐఆర్ కాపీ ఉచితమట,
రెండేళ్ళకి చెప్పింది లీగల్ ఎయిడ్ పిల్ల షాహీన్.
స్టేషను మెట్ల మీద నేనిచ్చిన రెండొందలు
ఏ జేబులో మాగాయో!

ఇవాళ వాడి బెయిలు.
"బాధితురాలు చెప్పేదేమైనా ఉందా?"
అన్నారు జడ్జిగారు.
వెనక్కి తిరిగి చూశా, ఇంకెవరినో అనుకుని.

లేచా. నోరు తెరిస్తే
ముందు దగ్గొచ్చింది.
తొడిమలు తీసిన ఘాటు, కొంగులోంచి.
గుంటూరు కోర్టు హాలంతా తుమ్మింది.
వాడూ తుమ్మాడు.

రాసుకోండయ్యా,
అక్కణ్ణించే మొదలెడతా.