నాలుగో జాగ

మూరెడు పొడుగు, జానెడున్నర వెడల్పు.
మిర్యాలగూడ మిల్లుల పారేసిన జల్లెడ చట్రం ఇది,
వైర్లు కిందికెల్లి దూరనీకి సందులు
బియ్యమే చేసిపెట్టింది.
మాల్ దిక్కు పోయే బస్సుల ఒళ్ళె పట్టాలె,
కండక్టరు లగేజి టికెట్టు అడగొద్దు.
కొలత గంతే.

ఇంట్ల బిస్కెట్ల డబ్బల పదకొండు పెడళ్ళున్నయి.
చట్రం మీద నాలుగింటికే జాగ.

ముందుగాల ట్యూనర్. దీని మీద బేరం లేదు.
ఎండకు తీగె దిగుతది, కూలర్ గాలికి ఎక్కుతది,
చెవి మాత్రం నేనే రైటంటది.
పైగా ఇది తొక్కితె గిటారు నోరు మూస్తది:
యోనా పాస్టరు ప్రార్థన నడుమ
జాక్ పీకినా ఎవ్వరు ఉలిక్కిపడరు.

రెండోది ఓవర్‌డ్రైవ్.
గెయిన్ తొమ్మిది గంటల కాడ, టోన్ పన్నెండు,
వాల్యూం రెండుంబావు:
ఒక్క డబ్బ మీద మూడు ఊర్ల టైం.
బస్సు కుదుపులకు ముల్లు జరుగుతదని
సలోమి గోళ్ళరంగుతోని చుక్కలు పెట్టింది.
గెయిన్ చుక్క దాటితె తేనెటీగల తుట్టె.
దాటకుంటె
గట్టిగ మీటితె గరగర, మెల్లగ మీటితె బెల్లం.
ఆ తేడా వేలు చెయ్యాలె, కాలు కాదు.

"అన్నా, కోరస్ పెట్టు, మెరుస్తది" అంటడు
డ్రమ్ములు కొట్టే షద్రకు.
నిజమే, మెరుస్తది. పెండ్లి చీర లెక్క.
రోజూ ఎవరు కట్టుకుంటరు?

రివర్బు కూడ డబ్బలనే పండింది.
మా మందిరం రేకులది. ఒక్క తీగె మీటితె
ఆదివారం మాట సోమవారం దాక మోగుతది.
కని ఎండకాలం రాత్రి సభలు బత్తాయి తోటల పక్క,
గోడ లేదు, కప్పు లేదు,
మీటింది మీటినట్టే పోతది, మళ్ళ రాదు.
గందుకే డిలే.
రెండే సార్లు పలకాలె, మూడోసారి పలికితె వాగుడు.
ఒక గోడ కొనుక్కున్న, జేబుల పట్టేది.

నాలుగో దానికోసం నెల రోజులు నాతోని నేనే కొట్లాడిన.
వావా అంటె పానం.
కని దాన్ని ఊపాలంటె మడిమ వంగాలె.
మర్రిగూడ దిక్కు బోరు నీళ్ళు తాగి పెరిగిన,
ఆ నీళ్ళు మడిమలల్లనే కూసున్నయి, లెవ్వవు.
కాలు చెక్క లెక్క దిగుతది,
ఒకటి తొక్కితె రెండు నొక్కుకుంటయి.
ఓవర్‌డ్రైవూ డిలే ఒక్కపారి లేచి
లాలి లాంటి కీర్తనను ఒకనాడు గాలివాన చేసినయి.
నాలుగో జాగ ఆ రెండింటి నడుమ.
అండ్ల ఏం పెట్టలే.
కాలు పెట్టిన.

కరెంటు సంగతి జహంగీర్ మామ చెప్పిండు,
నల్లగొండల రేడియోలు బాగుచేసిన పాత చెయ్యి:
"నడుమ మైనస్, బయట ప్లస్. ఉల్టా పెడితె
మూడు వేల రూపాయల పొగ, ఒక్క దమ్ముల."
ఆయన చెప్పకముందే ఆ దమ్ము పీల్చిన.
"ఒక్కో డబ్బకు ఒక్కో లైను ఇయ్యి,
అందర్ని ఒక్క అడాప్టరుకు కడితె గులుగుతయి."

అట్లనే ఇచ్చిన.
అయినా మొన్న కొండమల్లేపల్లి సభల
పక్క చేన్ల బోరు మోటరు ఎక్కింది,
స్పీకర్ల నిండ గుయ్యిమని ఒకటే హమ్.
వైర్లు తిప్పిన, ప్లగ్గులు మార్చిన, పోలే.
జనం చూస్తున్నరు.
ఏం తోచక ట్యూనర్ తొక్కిన, తీగెల మీద చెయ్యి వెయ్యలే.
అది హమ్‌నే విని 'జి' అని చూపించింది,
లైటు జర కుడికి ఒరిగి.

పాట 'ఇ'ల ఉండె.
సలోమి మొకం చూసిన. తలూపింది.
'జి'కి ఎత్తుకున్నం, తీగెలు కూడ జర గుంజి.

మూడో చరణంల ఎవరో మోటరు బందు చేసిండ్రు.
పాట కింద నేల గుంజినట్టైంది.